నాన్నకి కొన్న వాకింగ్ బూట్లు: కుమోర్తిన్ పలకల లోయలో ఒక రోజు

ముందే చెప్పేస్తాను, ఈ బూట్లు కొన్నందుకు నాకు చాలా తృప్తిగా ఉంది. ఊరి నుంచి అమ్మానాన్నల్ని బ్రిటన్‌కి పిలిపించుకుని, ఏదో ఒక వారాంతం కొండల వైపు తీసుకెళ్దామనుకునే వాళ్ళు ముందు వాళ్ళ కాళ్ళకి మంచి బూట్లు కొనండి. జాకెట్టు ఎవరిదైనా అడిగి తెచ్చుకోవచ్చు. బూట్లు అలా కుదరవు.

నేను కొన్నవి చీలమండ దాటి పైకి వచ్చే తోలు బూట్లు. లోపల నీళ్ళు రానివ్వని పొర ఉంది. కింద లోతైన గాళ్ళున్న రబ్బరు సోల్. వెడల్పు ఫిట్టింగ్. 135 పౌండ్లు పడ్డాయి, మన డబ్బుల్లో దాదాపు పదిహేను వేలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ కంపెనీ, ఆ మోడల్ మీ నాన్న కాలికి సరిపోతాయని నేను చెప్పలేను. కాలు కాలుకీ తేడా. కానీ ఏం చూసుకుని కొనాలో మాత్రం ఏ కంపెనీ బూటుకైనా ఒకటే. అది చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా నాన్నది మార్కాపురం. ముప్పై ఏళ్ళకు పైగా పలకల పని చేశాడు. చిన్నప్పుడు మనం బలపంతో అఆలు దిద్దిన పలక ఉంది కదా, అదే. మొదట్లో క్వారీలో రాయి తీసేవాడు, తర్వాత పలకలు కోసే షెడ్డులోకి మారాడు. క్వారీలో టైరు చెప్పులు, షెడ్డులో హవాయి చెప్పులు, ఇంట్లో ఉత్త కాళ్ళు. జీవితంలో బూటు వేసుకున్నది నా పెళ్ళిరోజు ఒక్కటే, అదీ రెండు గంటలు. అలాంటి కాలు ముందు భాగంలో విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. బొటనవేలు ఒక పక్కకి, చిటికెన వేలు ఇంకో పక్కకి. ఇక్కడి మామూలు బూట్లు ముందుకి వెళ్ళేకొద్దీ సన్నబడతాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

ఈ సంగతి నాకు మొదట తెలియలేదు. నాన్న రాకముందే ఆన్‌లైన్‌లో సేల్ చూసి, ఆయన చెప్పుల నంబర్ ఫోన్లో అడిగి, ఒక జత తెప్పించాను. వచ్చిన రెండో రోజు వేయించి చూస్తే పొడవు సరిపోయింది గానీ, వేళ్ళ దగ్గర బిగించి పట్టేసింది. "బాగానే ఉన్నాయిలే" అన్నాడు. అరగంట పార్కులో తిరిగొచ్చాక సాక్సు విప్పితే చిటికెన వేలు పక్కన ఎర్రగా కమిలిపోయింది. నొప్పి అని ఒక్క మాట అనలేదు. మన పెద్దవాళ్ళు అనరు. కాబట్టి "బాగున్నాయా?" అని అడగడంతో ఆపకండి. సాక్సు విప్పి చూడండి. నేను నర్సుని, రోజూ ఎంతోమంది కాళ్ళు చూస్తాను, అయినా నాన్న మాట విని ఊరుకున్నాను. ఆ జత తిరిగి పంపితే డబ్బులు రావడానికి మూడు వారాలు పట్టింది.

రెండోసారి నాన్నని వెంటబెట్టుకుని షాపుకే వెళ్ళాం. సాయంత్రం పూట వెళ్ళమని మా వార్డులో ఒక కొలీగ్ చెప్పింది, పొద్దుటికీ సాయంత్రానికీ కాళ్ళు కాస్త ఉబ్బుతాయి కాబట్టి. మంచి సలహా. షాపులో ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని నాన్న పాదాన్ని కొలత పలక మీద పెట్టబోతే ఆయన గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. పరాయి ఆడపిల్ల తన కాళ్ళు పట్టుకోవడం ఆయనకి కష్టంగా అనిపించింది. నేను కూర్చుని నాన్న కాలు పట్టుకున్నాను, ఆ అమ్మాయి కొలత చూసింది. ఎడమ కాలు కుడి కాలు కంటే అర సైజు పెద్దది. ఎప్పుడూ పెద్ద కాలికే కొనాలి, చిన్న కాలికి లోపల ఇంకో అట్ట వేసుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. షాపులోనే రాళ్ళు అతికించిన చిన్న వాలు బల్ల ఒకటి ఉంది. దాని మీద కిందకి దిగమంది. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందు గోడకి తగిలితే ఆ సైజు వద్దన్నట్టే. మూడు జతలు అలా పోయాయి. నాలుగోది తగల్లేదు.

కొన్నాక వెంటనే కొండెక్కలేదు. రెండు వారాలు ఇంట్లోనే వేయించాను. మెట్లు ఎక్కడం, దిగడం, కూరగాయలకి వెళ్ళడం, అన్నీ ఆ బూట్లతోనే. ఇంట్లో చెప్పులతో తిరగడమే అలవాటు లేని మనిషి, బూట్లతో కార్పెట్ మీద నడవాలంటే మొదటి రోజు ఒప్పుకోలేదు. సోల్‌కి ఇంకా మట్టి అంటలేదని చూపిస్తే సరేనన్నాడు. ఉన్ని సాక్సు ఒక్క జత చాలు. రెండు జతలు వేస్తే మళ్ళీ బిగుతైపోతుంది. నూలు సాక్సు వద్దు, తడిసిందంటే ఆరదు, కాలు బొబ్బలెక్కుతుంది.

ఇక కుమోర్తిన్ లోయకే ఎందుకు వెళ్ళామంటే, నాన్న ఇంగ్లండ్‌లో మేముండే చెస్టర్‌కి వచ్చిన మొదటి రోజు నుంచీ ఇళ్ళ కప్పులు చూస్తూనే ఉన్నాడు. "అమ్మాయ్, ఇవన్నీ పలకలే. ఎవరు కోశారు ఇన్ని?" అని అడిగాడు. మా వీధిలో అటూ ఇటూ ఉన్న పాత ఇళ్ళన్నిటికీ పలక కప్పులే. నేను ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది, పలకల పనివాడి కూతుర్నయ్యుండి ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఎక్కువ భాగం వేల్స్ నుంచి వచ్చినవని తెలుసుకుని, మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో ఉన్న బ్లైనై ఫెస్టినియోగ్ అనే పలకల ఊరికి బయల్దేరాం. మే నెల, మబ్బు పట్టిన రోజు.

బెటుస్-ఇ-కోయ్డ్ అనే ఊరు దాటి, కనుమ ఎక్కి దిగగానే ఊరు కనిపిస్తుంది. ఊరికంటే ముందు దిబ్బలు కనిపిస్తాయి. నీలం కలిసిన బూడిద రంగులో, ఇళ్ళ పెరటి గోడల దాకా జారి వచ్చిన పలక ముక్కల కొండలు. "ఆపు" అన్నాడు నాన్న. పక్కన చోటు చూసి ఆపాను. దిగి చాలాసేపు చూశాడు. "మన తుక్కే ఇది. కాకపోతే మన ఊరంత ఎత్తు పోశారు" అన్నాడు.

ఆ మాటలో లెక్క ఉంది. ఇక్కడ ఒక టన్ను మంచి పలక బయటికి రావాలంటే పది టన్నుల దాకా పనికిరాని రాయి పారబోయాల్సి వచ్చేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేల్స్ మొత్తం మీద సుమారు 17,000 మంది ఈ పని చేశారు, ఏడాదికి దాదాపు ఐదు లక్షల టన్నుల పలక తీశారు. దాన్ని పదితో హెచ్చిస్తే ఈ దిబ్బలు ఎలా లేచాయో అర్థమవుతుంది. 1951లో చుట్టూ ఉన్న కొండలన్నిటినీ నేషనల్ పార్కు చేసినప్పుడు, ఈ దిబ్బల మూలంగా బ్లైనై ఊరిని మాత్రం గారెకి మధ్యలో చిల్లులా వదిలేశారు. 2021లో వాయవ్య వేల్స్ పలకల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పుడు వద్దనుకున్నది ఇప్పుడు వారసత్వం.

కారు టానగ్రిసియాయ్ అనే పల్లెలో పెట్టాం. ఆ పేరుకి 'మెట్ల కింద' అని అర్థం. కిందనే రిజర్వాయర్, 1963లో మొదలైన జలవిద్యుత్ కేంద్రం ఉన్నాయి. కారు లేనివాళ్ళు పోర్త్‌మాడోగ్ నుంచి ఫెస్టినియోగ్ చిన్న రైల్లో కూడా రావచ్చు, ఇక్కడ స్టేషన్ ఉంది. ఆ లైను 1836లో పలకల కోసమే వేశారు. పలకల బళ్ళు వాలు మీద వాటంతట అవే ఓడరేవు దాకా జారిపోయేవి. గుర్రాలు కూడా వెనకాల ఒక బండిలో నిలబడి దిగేవి, తిరిగి ఖాళీ బళ్ళని పైకి లాగడానికి. నాన్నకి ఇది చెబితే గుర్రానికి కూడా రిటర్న్ టికెట్టు ఇచ్చారన్నమాట అని సంతోషపడ్డాడు.

ఊరు దాటిన వెంటనే ఎక్కుడు మొదలవుతుంది. నడకలో కష్టమైన భాగం ఇదే. పక్కన వాగు రాళ్ళ మీద నుంచి దూకుతూ ఉంటుంది, దారంతా పలక చెక్కులు. మామూలుగా నడిచేవాళ్ళకి అరగంట లోపు పని. మాకు యాభై నిమిషాలు పట్టింది. కాళ్ళ వల్ల కాదు, ఊపిరి వల్ల. ఆ సంగతి తర్వాత చెబుతాను. బూట్ల విషయానికొస్తే, ఎక్కేటప్పుడు మడమ లోపల పైకీ కిందకీ ఆడకూడదు. ఆడితే అక్కడే బొబ్బ లేస్తుంది. షాపు అమ్మాయి చూపించిన ముడి ఒకటుంది. చీలమండ వంగే చోట లేసుని రెండు సార్లు మెలేసి, ఆ పైన మామూలుగా కట్టాలి. అలా కడితే పాదం ముందు భాగం వదులుగా, మడమ బిగుతుగా ఉంటుంది. నాన్న మడమ పైదాకా కదల్లేదు.

నేను మాత్రం రోజూ పరిగెత్తే షూసే వేసుకుని వెళ్ళాను. నా గురించి నేను ఆలోచించుకోలేదు. పైకి చేరబోతుండగా చినుకులు పడ్డాయి. తడిసిన పలక బండ మీద కాలు పెట్టగానే జారి మోకాలి మీద పడ్డాను. చర్మం కొట్టుకుపోయింది. నాన్న చెయ్యిచ్చి లేపి ఒక మాట చెప్పాడు. "పడుకున్న పలక జారుస్తుంది తల్లీ. నిలబడ్డ పలక పట్టుకుంటుంది. అంచుల మీద కాలెయ్యి." అక్కడి నుంచి ఆయనే ముందు నడిచాడు. దారిలో కొన్ని చోట్ల పలకలు నిలువుగా పాతుకుని అంచులు పైకి ఉన్నాయి, వాటి మీదే అడుగులు వేశాడు. ఆయన అడుగులోనే నేనూ అడుగు వేశాను. మళ్ళీ జారలేదు.

తడి పలక మీద సోల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నా నిజాయితీ జవాబు ఇది. పడుకున్న నున్నటి తడి పలక మీద ఏ సోల్‌నీ పూర్తిగా నమ్మొద్దు. నాన్న బూట్లు కూడా రెండు చోట్ల అంగుళం జారి ఆగాయి. ఆగాయి, అదే తేడా. మిగతా అంతటా, చెక్కుల మీద, గడ్డి మీద, బురదలో, బాగా పట్టుకున్నాయి. కింద పసుపుపచ్చ ఎనిమిది కోణాల గుర్తు ఉంది, వైబ్రమ్ సోల్. దాని వెనక ఒక కథ ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో విటాలే బ్రమాని అనే పర్వతారోహకుడి స్నేహితులు ఆరుగురు, కాళ్ళకి సరైన బూట్లు లేక, మంచు వాతావరణంలో చిక్కుకుని చనిపోయారు. ఆ దుఃఖంలోంచి ఆయన రబ్బరు గాళ్ళ సోల్ తయారు చేశాడు. 1937లో అది బయటికొచ్చింది. విటాలే, బ్రమాని రెండు పేర్ల మొదళ్ళూ కలిపితే వైబ్రమ్. ఈ సోల్‌కి కొన్నిసార్లు కాస్త డబ్బు ఎక్కువ పడుతుంది. పెట్టండి.

ఎక్కుడు అయిపోగానే లోయ ఒక్కసారిగా విప్పుకుంటుంది. చదునైన నేల, మధ్యలో కుమోర్తిన్ చెరువు, మూడు వైపులా కొండలు. వేల్స్ భాషలో కుమ్ అంటే లోయ. చెరువు దగ్గరే పనివాళ్ళ ఇళ్ళ వరస ఒకటి, పైకప్పుల్లేవు, గోడలున్నాయి, పొయ్యి గూళ్ళున్నాయి. మేం వెళ్ళిన రోజు గొర్రెలు, పిల్లలేసిన గొర్రెలు, అవి తప్ప మనుషులు నలుగురైదుగురు కనిపించారంతే. గాలి, నీళ్ళ చప్పుడు. ఎక్కడో ఒక పలక చెక్కు జారితే ఆ చప్పుడు లోయంతా వినబడింది.

చెరువు పక్కన దారి వెంట కంచె చూసి నాన్న ఆగిపోయాడు. కర్రలు కాదు, ముళ్ళతీగ కాదు. నడుమెత్తు పలకలు వరసగా నేలలో పాతి, పైన తీగతో ఒకదానికొకటి అల్లారు. ఇక్కడి వాళ్ళు క్రౌయాయ్ అంటారు. నాన్న ఒక్కో పలకనీ గోటితో కొట్టుకుంటూ నడిచాడు. మంచి పలక ఖంగుమంటుంది, లోపల పగులుంటే పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. చిన్నప్పుడు నాకు చూపించేవాడు. పదీ పన్నెండు పలకలు కొట్టాక, "వందేళ్ళు వానలో నిలబడ్డాయి, ఒక్కటి చచ్చిపోలేదు" అన్నాడు.

ఆ పక్కనే నేల చిత్తడి. నీళ్ళు రానివ్వని పొర సంగతి ఇక్కడ తేలింది. నాన్న రెండు మూడు చోట్ల చీలమండ దాకా దిగబడ్డాడు, లోపల సాక్సు పొడిగానే ఉంది. నా షూస్ మొదటి అడుగులోనే నిండిపోయాయి. ఒక మాట గుర్తుపెట్టుకోండి, ఆ పొర బూటు పై అంచు దాకానే పనిచేస్తుంది. నీళ్ళు పైనుంచి లోపలికి పోతే అవే నీళ్ళు బయటికి కూడా పోవు.

చెరువు దాటాక ఇంకొంచెం ముందుకి వెళితే పాడుబడిన చాపెల్ ఒకటి వస్తుంది. 1860ల్లో కట్టారు. కప్పు లేదు, కిటికీల ఖాళీల్లోంచి కొండ కనిపిస్తుంది. ఈ లోయలో పనిచేసిన వాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ అదే గుడి. అక్కడ కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఇంకా పైకి, నిటారు దారిలో, రోసిడ్ అనే క్వారీ ఉంది. 1930లో పని ఆగిపోయింది. అక్కడి వాళ్ళలో చాలామంది సోమవారం తెల్లవారుజామున వారానికి సరిపడా తిండి మూటకట్టుకుని ఈ దారినే ఎక్కేవారు. వారమంతా పైన బ్యారక్‌ల్లో ఉండి శనివారం మధ్యాహ్నం దిగేవారు. వాళ్ళ తిండి విరామం గుడిసెని కబాన్ అనేవారు. అందులో పాటలు, పద్యాల పోటీలు, చర్చలు నడిచేవి, ఏం మాట్లాడుకున్నారో పద్దు కూడా రాసుకునేవారు. నాన్నకి ఇది అన్నిటికంటే నచ్చింది. షెడ్డులో మధ్యాహ్నం పూట తమలోనూ ఒకాయన పద్యాలు పాడేవాడని చెప్పాడు. ఆ పద్యాల్లో రెండు ఆ చాపెల్ గోడల మధ్య పాడాడు కూడా. గొంతు బాగా లేచింది.

ఇక్కడి కప్పు పలకల సైజుల పేర్లు నాన్నకి చెప్పాను. ఇరవై నాలుగు అంగుళాలకి పన్నెండు ఉన్నది డచెస్, ఇరవైకి పది ఉన్నది కౌంటెస్, పదహారుకి ఎనిమిది ఉన్నది లేడీ. పెద్దింటి ఆడవాళ్ళ బిరుదులు. మార్కాపురంలో అంగుళాలు, నంబర్లే. వేల్స్‌లో కూడా ఒకప్పుడు బడి పలకలు చేసేవారని తెలిసి ఆశ్చర్యపోయాడు. నేల మీద పడి ఉన్న చిన్న దిమ్మ ఒకటి తీసుకుని, పొర ఎటు నడుస్తుందో తడిమి చూపించాడు. ఉలి పెట్టే చోటు ఆ పొరే. రాయి కొత్తగా, తడిగా ఉన్నప్పుడే బాగా విడుతుంది, ఎండితే మొండికేస్తుంది. ఇక్కడి వాళ్ళూ దిమ్మని తడిగానే ఉంచి చీల్చేవారు. చూపించడం అయ్యాక ఆ దిమ్మని తీసిన చోటే మళ్ళీ పెట్టేశాడు. మీరూ అలాగే చెయ్యండి, ఇంటికి తెచ్చుకోవద్దు. గని నోళ్ళు కనిపిస్తాయి, లోపలికి మాత్రం వెళ్ళకండి. సరైన గైడు లేకుండా అది ప్రాణాల మీదకి వస్తుంది. కుమోర్తిన్ గనిలో ఎంతమంది చనిపోయారంటే ఇక్కడి జనం దాన్ని కసాయి కొట్టం అని పిలిచారు. 1884లో లోపలి గదులు పెద్ద ఎత్తున కూలిపోయాయి.

ఇప్పుడు ఊపిరి సంగతి. నాన్న షెడ్డులో కోత మిషన్ దగ్గర పనిచేసినన్నాళ్ళూ ముక్కుకి తుండుగుడ్డ తప్ప ఇంకేం లేదు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. ఇప్పుడు ఆయన మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఇది రాయి కోస్తే లేచే సిలికా దుమ్ము పని అని నాకు తెలుసు. వేల్స్‌లో క్వారీ డాక్టర్లు ఒకప్పుడు పలక దుమ్ము హాని చెయ్యదని చెప్పారు. పనివాళ్ళు రోజంతా పొయ్యి మీద మరిగిన టీ తాగడం వల్లే జబ్బులొస్తున్నాయని రాశారు. మూతపడిపోయిన క్వారీల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళకి పరిహారం దొరికేలా చట్టం వచ్చింది 1979లో. ఇదంతా చాపెల్ గోడకి ఆనుకుని కూర్చుని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"టీ అన్నారా?" అన్నాడు చివరికి. "మాకు బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. దుమ్ము కడుక్కుపోతుందని."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఎప్పుడో ఒక దేశంలో ఒప్పుకోవాల్సి వచ్చిన విషయాన్ని మా ఊళ్ళో నా కళ్ళ ముందు బెల్లం ముక్కతో కప్పేశారు. పలకల షెడ్డులోనో, రాయి కోసే చోటో మీ ఇంట్లో ఎవరైనా పనిచేస్తుంటే దయచేసి వినండి. తడి పెట్టి కొయ్యాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. బెల్లం తినండి, మంచిదే, కానీ అది దుమ్ముకి మందు కాదు.

రోసిడ్ దాకా ఎక్కలేదు. నాన్న అడిగాడు, నేనే వద్దన్నాను. ఆయాసం ఉన్నవాళ్ళకి చాపెల్ దాకా చాలు, అక్కడి వరకు చెరువు దాటాక పెద్దగా ఎత్తు లేదు. మొత్తం పోనూ రానూ ఆరు కిలోమీటర్ల లోపే, కూర్చున్నదీ తిన్నదీ కలిపి ఐదు గంటలు గడిపాం.

దిగేటప్పుడే బూటు అసలు పరీక్ష. బరువంతా వేళ్ళ మీదకి వస్తుంది. షాపులో ఆ వాలు బల్ల మీద మూడు జతలు ఎందుకు వద్దన్నామో ఇక్కడ అర్థమైంది. కింద కారు దగ్గర సాక్సు విప్పి చూశాను. గోళ్ళు నల్లబడలేదు, వేళ్ళు కమిలిపోలేదు. ఒక్క చోట మాత్రం, బూటు నాలుక పక్కన కుట్టు ఉన్న దగ్గర, చీలమండ ముందు భాగంలో చర్మం ఎర్రబడింది. ఇది ఈ బూట్ల లోపమే. ఆ కుట్టు లోపలి వైపు మందంగా ఉంది. తర్వాత అక్కడ చిన్న మెత్తటి పట్టీ అతికిస్తే సరిపోయింది, కానీ ఈ ధరలో ఆ అవసరం రాకూడదు. రెండో లోపం బరువు. జత కిలోన్నర దాకా ఉంది. నాన్నకి ఇబ్బంది అనిపించలేదు, అమ్మ లాంటి సన్నటి మనిషికైతే ఇంకా తేలికవి చూడండి. మూడోది, పైన రెండు కొక్కేలకి లేసు తగిలించడం. వేళ్ళు బిరుసెక్కిన చేతులకి అది ఓపిక పని. మొదటి వారం నేనే కట్టాను. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు ఆయన నా రిబ్బన్లు కట్టేవాడు.

ఇంటికొచ్చాక బురద ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో దులిపి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టాను. హీటర్ మీద మాత్రం పెట్టకండి, తోలు పెళుసెక్కి చీలిపోతుంది. నెలకోసారి తోలు మైనం రాస్తే చాలు. సోల్ గాళ్ళలో ఇరుక్కున్న పలక చెక్కుల్ని నాన్న పుల్లతో ఒక్కొక్కటీ తీశాడు. షెడ్డులో పని అయ్యాక మిషన్ పళ్ళెం తుడిచినంత శ్రద్ధగా.

ఆగస్టులో ఊరెళ్ళేటప్పుడు బరువెక్కువని బూట్లు ఇక్కడే వదిలేస్తాడనుకున్నాను. కాళ్ళకి వేసుకునే విమానం ఎక్కాడు, హైదరాబాద్ ఎండలో కూడా విప్పలేదట. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. రోజూ పొద్దున ఊరి బయట పాత క్వారీ గుంట దాకా వాటితోనే నడుస్తున్నాడట. కుడి బూటు లేసు కొక్కెం దగ్గర పీచులేచిందని, నూట యాభై సెంటీమీటర్లవి, గుండ్రటి అల్లికవి, రెండు జతలు పంపమన్నాడు. మీరూ కొనేటప్పుడే ఒక జత లేసులు అదనంగా తీసుకోండి.